మెట్టెలు లేని కాలు

డాక్టరు అతికిందన్నాడు. ఎక్స్‌రేలోనూ అతికినట్టే కనబడింది. ఊళ్ళోవాళ్ళు చూసి, మంచిగ నడుస్తున్నవే అన్నారు. గంగామణి ఒక్కతే ఒప్పుకోలేదు. ఎముక సంగతి కాదు ఆమె బాధ. ఎముక అతికింది, ఆ విషయంలో ఆమెకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు. ఆ ఎముక ఉన్న కాలు తనదేనా అన్నదే అనుమానం.

ఈ మాట పైకి అంటే నవ్వుతారని తెలుసు కాబట్టి అనలేదు. అనకుండా మింగడం వల్ల వచ్చిన చిక్కు అంతా ఇంతా కాదు. ఎల్లారెడ్డి టౌనుకు ఇవతల వాళ్ళకున్న రెండెకరాలు దమ్ము చేసి, నీళ్ళు కట్టి, నాటుకు తయారుగా ఉన్నాయి. చుట్టూ అందరి పొలాలూ పచ్చబడ్డాయి. వీళ్ళ పొలం ఒక్కటే బురదనీళ్ళతో ఖాళీగా ఉంది. నారుమడిలో నారు రోజురోజుకూ ముదురుతోంది. ఆ ఊళ్ళో నాటు మొదలవ్వాలంటే మొదటి కట్ట ఆ ఇంటి ఇల్లాలే దిగి పెట్టాలి. పసుపు కుంకుమ పెట్టుకున్న మనిషి, మొగుడున్న మనిషి. ఆమె పెట్టాకే మిగతా ఆడవాళ్ళు దిగుతారు. గంగామణి దిగడం లేదు.

ఒకరోజు మంగళవారం అంటుంది. ఇంకోరోజు చలి అంటుంది. మరోరోజు ఏమీ అనకుండా పెరటి గోడ నుంచి వాకిలి దాకా, వాకిలి నుంచి పెరటి గోడ దాకా తిరుగుతూ ఉంటుంది. ఆమె మొగుడు భూపాల్ మంచివాడే. మంచివాళ్ళకు ఉండే జబ్బు ఒకటి అతనికీ ఉంది. ఎదుటి మనిషి బాధ పడుతుంటే ఒక జోకు వేసి ఊరుకుంటాడు.

"నారు ముసలిదైతున్నదే గంగా," అన్నాడు. "ఇంకో నాలుగొద్దులైతే నాటుడు గాదు, బర్లకు ఏసుడే."

"ఏస్తే ఏద్దాం తీయ్," అంది గంగామణి, అటు తిరిగి.

ఆ జవాబు విని భూపాల్ నిజంగానే భయపడ్డాడు. ఎందుకంటే నాట్ల కాలం వచ్చిందంటే ఆమెను పట్టుకోవడానికి లేదు. తెల్లారకముందే వంట ముగించి, జట్టులో అందరికంటే ముందు గట్టు మీద ఉండే మనిషి. నాటు వేసేవాళ్ళు వంగి వెనక్కి నడుస్తారు. ముందు చేతులు నాటుతుంటాయి, వెనక కాళ్ళు బురదలో వాటి దారి అవే చూసుకోవాలి. కంటికి కనబడవు, చూసే తీరికా ఉండదు. ఆ కాళ్ళను నమ్మాలి. గంగామణి నమ్మకం పోయింది అక్కడే.

వానాకాలం వడ్లు అమ్మే రోజుల్లో జరిగిందది. కుప్ప మీద కప్పిన టార్పాలిన్ మంచుకు తడిసి ఉంది. దాన్ని గుంజబోయి జారింది. ఎడమ చీలమండ పక్కకు తిరిగిపోయింది. ఎల్లారెడ్డిలో చూసి ఇక్కడ కాదన్నారు. కామారెడ్డిలో ఒక ఎముకల ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్లేటు వేసి స్క్రూలు బిగించాలి, మొత్తం మత్తు అక్కర్లేదు, నడుముకు సూది ఇస్తే కింది సగం మొద్దుబారుతుంది అని చెప్పారు. మెలకువగానే ఉంటావమ్మా, భయం లేదు అన్నారు. మెలకువగా ఉండటంలో ఏం భయం ఉంటుందని అప్పుడు ఆమెకూ తోచలేదు.

ఒంటిమీద నగలేవీ ఉండకూడదంటే కూతురు ఆశ్రిత పుస్తెలతాడు తీసి దాచింది. మెట్టెలు రాలేదు. పెళ్ళినాడు పెట్టినవి, ఇరవై రెండేళ్ళుగా వేళ్ళకు కరుచుకుని ఉన్నవి. నర్సు సబ్బు రాసి, తిప్పి తిప్పి లాగింది. విరిగిన కాలి వైపు లాగుతుంటే గంగామణి పళ్ళు బిగపట్టింది. రెండు జతలూ ఒక చిన్న కవరులో వేసి భూపాల్ చేతికిచ్చారు. అతను దాన్ని అంగీ జేబులో వేసుకుని, బయట బెంచీ మీద కూచున్నాడు.

లోపల చలి. ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకోమన్నారు. వెన్నులో సూది దిగింది. తొడల్లోకి ఏదో వెచ్చగా పాకింది, తరవాత బరువెక్కింది, ఆ తరవాత ఇక ఏమీ లేదు. మళ్ళీ వెల్లకిలా తిప్పారు. తిప్పారని పైకప్పు చూస్తే తెలిసింది గానీ కాళ్ళకు తెలియలేదు. మోకాళ్ళు ఇంకా కడుపు దగ్గరే ముడుచుకుని ఉన్నట్టే ఉంది. సెలైన్‌లో ఇంకేదో మందు ఎక్కించారు. కళ్ళు బరువెక్కాయి. మనసు హాయిగా తేలింది.

అప్పుడు చూసింది. ఒక మనిషి చేతుల్లో ఒక కాలు పైకి లేచింది. ఎర్రటి మందు పూసిన కాలు. వేళ్ళు బోసిగా ఉన్నాయి. తన కాళ్ళా, ఇక్కడ కడుపు దగ్గర ముడుచుకుని ఉన్నాయి. మరి ఇదెవరిది? ఆమెకు ఆ మనిషి మీద జాలి కలిగింది.

"అయ్యో, ఎవ్వలిదయ్యా ఆ కాలు?" అంది. "పాపం, మొగడు సచ్చిపోయినట్టున్నది."

గదిలో అందరూ నవ్వారు. ఒక ఆడ డాక్టరు గొంతు కూడా ఆ నవ్వులో ఉంది.

"నీదే అవ్వా," అన్నాడు కాలు పట్టుకున్నవాడు.

"నావి గిటు ముడుసుకున్నయ్ గదా," అంది గంగామణి. ఇంకోసారి నవ్వారు. తరవాత మధ్యలో ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. దాని అవతల డ్రిల్లు మొదలైంది. మంచానికి బోల్టులు బిగించేటప్పటి చప్పుడు, ఒళ్ళు ఊగడం తప్ప నొప్పి లేదు. గుడ్డ ఇవతల పడుకుని పైన లైట్లు చూస్తుంటే, కాసేపటికి ఆమెకు తట్టింది. మెట్టెలు తీసేశారు కదా. ఆ కాలు తనదే. మొగుడు చచ్చినట్టున్నాడన్నది తన మొగుణ్ణే.

లేవబోయింది. నడుం కింద ఎవరూ పలకలేదు. డాక్టరమ్మ వచ్చి భుజం నొక్కి, పడుకో అమ్మా, అయిపోవచ్చింది అంది. గుండె ఎంత కొట్టుకుందో ఆమెకే తెలుసు. అక్కడున్న మిషను కూడా టింగు టింగుమని మొత్తుకుంది. ఆమె చెప్పాలనుకున్నది ఒక్కటే, నేనన్న మాట వెనక్కి తీసుకుంటానని. ఎవరికి చెప్పాలి? నవ్విన వాళ్ళకా?

ఆ సాయంత్రం ఆశ్రిత కుడికాలికి మెట్టెలు పెట్టింది. ఎడమకాలికి కట్టు ఉంది. కట్టు విప్పాక వాపు ఉంది. వాపు తగ్గేదాకా ఆ వేళ్ళు బోసిగానే ఉన్నాయి. ఆ కాలును చూసినప్పుడల్లా గంగామణికి అదే మాట చెవిలో వినబడేది, తన గొంతుతోనే.

ఇంటికి వచ్చాక ఆమె ఒక చోట కూచుంటే ఒట్టు. కర్ర పట్టుకుని నడవడం వచ్చిన రోజు నుంచి తిరుగుడే. గడప దాటేటప్పుడు కుడికాలే ముందు పెడుతుంది. ఎడమది చివరికి లాగుతుంది, దాన్ని ఇంట్లోకి రానివ్వడం ఇష్టం లేనట్టు. కాలికి జాగా సరిపోవడం లేదని చెప్పి భూపాల్ పక్క నుంచి లేచి వేరే గదిలో చాప వేసుకుంది. అసలు సంగతి ఆ కాలు అతనికి తగలకూడదని. తెల్లవారుజామున ఉలిక్కిపడి లేస్తే, మోకాళ్ళు కడుపు దగ్గర ముడుచుకుని ఉన్నట్టు ఉండేది. తడిమి చూస్తే కాళ్ళు తిన్నగా చాపుకునే ఉండేవి. మరి ముడుచుకున్నవి ఎవరివి, చాపుకున్నవి ఎవరివి? చేత్తో గిచ్చి చూసుకునేది. నొప్పి తెలిసేది. నొప్పి తెలిసినా నమ్మకం కుదిరేది కాదు.

భూపాల్ పొలానికి పోతే పది నిమిషాలకోసారి ఫోను.

"ఎక్కడున్నవ్?"

"మోటరు కాడ."

"స్టార్టర్ డబ్బ ముట్టకు. తడి చేతులతోని ముట్టకు. ఇంకెవర్నన్న పెట్టుమను."

"ఇంకెవ్వలు పెడ్తరే? నా మోటరుకు నేనే గదా దిక్కు." కాసేపు ఆగి నవ్వేవాడు. "పెండ్లైన కొత్తల గూడ నువ్వు గింతగనం అడగలే."

ఆమెకు ఏడుపొచ్చేది. ఫోను పెట్టేసి, కర్ర పట్టుకుని, పొలం బాట దాకా పోయి, అతను కనబడ్డాక తిరిగి వచ్చేది. అతను బండి తీస్తే తాళంచెవి దాచేది. చెట్టెక్కితే కింద నిలబడి దిగమని గొడవ చేసేది. ఇంట్లో ఉంటే పక్కకు రానిచ్చేది కాదు. ఏ మొగుడికైనా బుర్ర తిరుగుతుంది. అతనికీ తిరిగింది. నా మీద కోపమేమోనని రకరకాలుగా ఆలోచించి, ఏమీ దొరక్క, చివరికి ఎల్లారెడ్డిలో కంసాలి దగ్గరికి తీసుకుపోయి మెట్టెలు వదులు చేయించి పెట్టించాడు.

ఆ రోజు గంగామణి ఆశపడింది. మెట్టెలు ఎక్కితే కాలు తనదైపోతుందనుకుంది. మెట్టెలు కళ్ళకద్దుకుంది, కంసాలి పెట్టాడు, ఆటో ఎక్కింది. దారి పొడుగునా కాలు వైపే చూసింది. అరువు తెచ్చుకున్న నగ పెట్టుకున్నట్టుంది ఆ కాలు. బోసిగా ఉన్నప్పుడే నయం, కనీసం మోసం చెయ్యలేదు అనిపించి, ఆటోలోనే చీర అంచుతో కప్పేసుకుంది.

సంక్రాంతి సెలవులు అయిపోయి ఆశ్రిత కామారెడ్డి హాస్టలుకు పోతూ, "అమ్మా, ఒక్కసారి దవఖానల అడుగు. నీకేమైతుందో నాకు తెల్వది గాని, ఏమో అయితున్నది," అంది. పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి కాదనలేకపోయింది.

ఎముకల డాక్టరు కాలు అటూ ఇటూ వంచి, బాగుంది, ఇక పనులు చేసుకో, బరువులు ఎత్తకు అని పంపేశాడు. మందులు తేవడానికి భూపాల్ కిందికి పోయాడు. వరండాలో ఒక గొంతు విని గంగామణి తలెత్తింది. ఆ రోజు సూది ఇచ్చిన డాక్టరమ్మ. ముఖం గుర్తులేదు, మాస్కు ఉండె. గొంతు మాత్రం ఎక్కడున్నా గుర్తుపడుతుంది. లేచి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, ఒక్క మాట. ఆ పొద్దు నా కాళ్ళు ముడుసుకునే ఉన్నయ్. మీరేమో సాపిన్లు. గది ఎట్ల?"

డాక్టరమ్మ ఆగింది. తొందరలో ఉంది గానీ ఆగింది. "మొద్దుబారే ముందు కాళ్ళు ఎలా ఉన్నాయో మనసు అదే పట్టుకుని ఉంటుందమ్మా," అంది. "కాళ్ళ నుంచి కొత్త కబురు రాదు కదా, పాత కబురునే నమ్ముతుంది. చాలామందికి అలా అనిపిస్తుంది. మత్తు దిగాక పోతుంది. కొందరికి మాత్రం ఆ భయం నిలిచిపోతుంది. నీకు నిద్ర పడుతుందా? ఊరికే దడ, ఏదో జరుగుతుందని గాబరా, ఒకచోట కూచోలేకపోవడం, అలాంటివేమైనా ఉన్నాయా?"

ఒక్కొక్క మాటా వచ్చి సరిగ్గా తగిలింది. గంగామణి నోరు తెరిచింది. కానీ ఆ నవ్వుల్లో ఈ గొంతు కూడా ఉంది. పైగా మందుల కవరు పట్టుకుని భూపాల్ మెట్లెక్కి వస్తున్నాడు. అతని ముందర ఆ మాట ఎలా అంటుంది?

"ఏం లెవ్వమ్మా," అంది.

"ఉంటే దాచుకోకు. మళ్ళీ రా, తగిన డాక్టరు దగ్గరికి నేనే పంపిస్తాను," అని ఆమె వెళ్ళిపోయింది.

మనసు పాత కబురునే పట్టుకుంటుందన్న మాట గంగామణికి నచ్చింది. అర్థమైంది కూడా. సగం బరువు దిగినట్టయింది. బస్టాండులో కూచుని, నా కాలే, నా కాలే అని రెండుసార్లు లోపల అనుకుంది. ఇంతలో భూపాల్ మిర్చీ బజ్జీలు తెస్తానని లేచి, వెనక్కి వస్తున్న బస్సుకూ ముందు ఆగిన బస్సుకూ మధ్య నుంచి దూరాడు.

"భూపాలూ!"

ఆమె వేసిన కేకకు బస్టాండంతా తిరిగి చూసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది అదే మొదలు. బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. భూపాల్ నిలబడిన చోటే నిలబడిపోయి, ఎవరో పరాయి ఆడమనిషిని చూసినట్టు ఆమెను చూశాడు. అయినా పోయి కొనుక్కొచ్చాడు, ఇద్దరూ ముట్టలేదు. మిర్చీలు కవరులోనే చల్లారాయి.

ఆ తరవాత అతను జోకులు మానేశాడు. అడగడమూ మానేశాడు. మనుషుల్ని పెట్టి నారు పీకించి కట్టలు కట్టించాడు. జట్టుకు చెప్పి వచ్చాడు. పొద్దున చెప్పులేసుకుంటూ ఒక్క మాట అన్నాడు. "నారు పీకించిన. ఇయ్యాల నాటకపోతే ఎండుతది. ఇగ నీ ఇష్టం."

గంగామణి పళ్ళెంలో పసుపు, కుంకుమ, టెంకాయ పెట్టుకుని నడిచింది. పోక తప్పదు కాబట్టి పోయింది. గట్టు మీద జట్టంతా ఉంది. పదిమంది ఆడవాళ్ళు, చీరలు మోకాళ్ళపైకి చెక్కుకుని, నారు కట్టలు మడిలోకి విసిరేసి, మాటలాడుకుంటూ ఉన్నారు. జట్టులో అందరికంటే చిన్నది ప్రమోద ఎదురొచ్చి పళ్ళెం అందుకుంది. జట్టుకు పెద్ద సుభద్రమ్మ ఎప్పటిలాగే కాస్త ఎడంగా, తుమ్మచెట్టు పక్కన నిలబడి నోట్లో తంబాకు వేసుకుంటోంది. ఆమె మొగుడు దుబాయి పోయి పెట్టెలో తిరిగొచ్చాడు. అప్పటికి ఆమె చిన్నదే. ఇప్పుడు జుట్టు నెరిసింది. నాటులో ఆమె చెయ్యంత వేగం ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే లేదు. ఎవరి పొలంలోనైనా మొదటి కట్ట పెట్టే వేళకు మాత్రం ఆమె ఇలాగే ఏదో పని కల్పించుకుని పక్కకు జరుగుతుంది. ఆమెను ఎవరూ జరగమనరు. ఎవరూ రమ్మనరు.

"కానియ్ అక్కా, ఎండ ఎక్కుతున్నది," అంది ప్రమోద.

గంగామణి గట్టు అంచుకు వచ్చింది. నీళ్ళలోకి చూసింది. కుడికాలు దించబోయి ఆగింది. ఇదొక్కటి దిగితే సరిపోదు, వెనకే అదీ దిగాలి. దిగిందంటే ఇక కనబడదు. కనబడని చోట అదేం చేస్తుందో ఎవరికి తెలుసు? 

"ప్రమోదా, నువ్వు పెట్టే ఈసారి."

"అయ్యో, నేనెట్ల పెడ్త? నీ పొలమాయె."

"పెట్టమంటున్న గదా!"

భూపాల్ మోటారు దగ్గర నుంచి గబగబా వచ్చాడు. ఎన్నాళ్ళుగానో దిగమింగుకున్న కోపం ఒక్కసారే బయటపడింది. "ఏమైందో చెప్పు! గిందరి ముందర అడుగుతున్న. పక్కకు రానియ్యవు. పది సార్లు ఫోన్ చేస్తవ్. పేరు పెట్టి ఒర్రుతవ్. పొలంల దిగవు. నా మీద కోపముంటే కోపమని చెప్పు."

"నీ మీద కోపం గాదయ్యా," అంది గంగామణి. "నీ మీద పానం!"

అని ఇక ఆగలేదు. ఆపరేషన్ గదీ, ఎర్రమందు కాలూ, బోసి వేళ్ళూ, తను అన్న మాటా, వాళ్ళ నవ్వూ, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది. "ఇది మొగడు సచ్చినదాని కాలు. నా నోటితోని నేనే అన్న. గీ కాలు పెట్టుకొని నీ పొలంల మొదలు ఎట్ల దిగుత? దిగితే నీకేమన్న అయితది. మట్టెలు పెట్టినా పోతలేదు. మొగడు లేని ఆడిదాని కాలు గీ మడిల దిగొద్దు!"

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పదిమందీ తలలు వంచుకుని, ఎటు చూడాలో తెలియక, చివరికి తుమ్మచెట్టు వైపు చూశారు. అప్పటిదాకా గంగామణి అటు చూడనే లేదు.

సుభద్రమ్మ తంబాకు ఉమ్మేసి నెమ్మదిగా ముందుకు వచ్చింది.

"పిల్లా గంగామణీ, నా కాళ్ళకు ఏమున్నయ్?" అంది. చీర కొంచెం పైకి పట్టుకుని చూపించింది. పగిలిన మడమలు, బోసి వేళ్ళు. "నువ్వు కాపురానికి రాకముందు సంది, మీ అత్త ఉన్నప్పటి సంది, గివే కాళ్ళు నీ మడిల దిగుతున్నయ్. ఏమైంది నీ మొగనికి? గుండ్రాయి లెక్క నిలవడ్డడు గదా."

గంగామణి ఆ కాళ్ళనే చూసింది.

"నేను దిగినప్పుడల్ల గూడ నీ కడుపుల గిదే బయం ఉండె గావచ్చు. ముందుగాలనే చెప్తే అయిపోవు." గొంతులో కోపం లేదు. చెట్టు కొమ్మకు తగిలించిన సద్ది సంచి తీసుకుంది. "వస్త మరి," అని అవతలి గట్టు పట్టుకుని రోడ్డు వైపు నడిచింది.

"సుభద్రక్కా!"

ఆమె తిరగలేదు. గట్టు మడి చుట్టూ తిరిగి పోతుంది. గట్టు వెంట పోతే కుంటుకుంటూ ఆమెను అందుకునేది లేదు. గంగామణి మడిలోకి దిగింది. ఏ కాలు ముందు దిగిందో చూసిన ప్రమోద తరవాత చెప్పింది గానీ అప్పుడు ఆమెకు తెలియదు. మోకాలి దాకా బురద. మడికి అడ్డంగా నడిచింది. మధ్యలో రెండు చేతుల మీదా పడింది, లేచింది.

"కాలు, కాలు! పైలంగే!" భూపాల్ గట్టు మీద నుంచి అరిచాడు.

"సప్పుడు జెయ్యకు నువ్వు!" అని కసిరి, అటే పోయింది.

అవతలి గట్టు చేరేసరికి సుభద్రమ్మ సరిగ్గా తన ముందే పోతోంది. గంగామణి మడిలో, ఆమె గట్టు మీద. చేతికి అందింది కాలే. ఆ కాలే పట్టుకుంది, బురద చేతులతో, గట్టిగా.

"ఇడువు," అంది సుభద్రమ్మ.

"ఇడువ. నా నోరు పడిపోను. నాకు నీ యాదే లేదక్కా. నా బయంల నేను పడ్డ."

"గదే గదా," అంది సుభద్రమ్మ.  "ఎవ్వలకు యాదుంటది?"

 గంగామణి ఆ కాలు వదల్లేదు. ఎడమ చీలమండలో నొప్పి పోటెత్తుతోంది. కాలు ఎవరిదైనా కానీ, నొప్పి మాత్రం తనకే వస్తోంది.

"మొదటి కట్ట నువ్వు పెట్టు," అంది.

"పాగల్ గాకు."

"నువ్వు పెట్టకపోతే ఇయ్యాల నాటు లేదు. నారు ఎండని."

సుభద్రమ్మ ఆమెను చూడలేదు. మడి అవతల నిలబడ్డ భూపాల్‌ను చూసింది. జట్టంతా భూపాల్‌నే చూసింది. పోయేది అతని ప్రాణమే కదా.  అతనేమీ గొప్ప ధైర్యవంతుడు కాదు, అలాంటి మాటలు నమ్మనివాడూ కాదు. పళ్ళెం వైపు చూశాడు. బురదలో నిలబడి, కొప్పు ఊడిపోయి, తన వైపే చూస్తున్న పెళ్ళాన్ని చూశాడు. ఇన్నాళ్ళూ తన వెనకాల కర్ర పట్టుకుని ఆమె ఎందుకు తిరిగిందో అతనికి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"పెట్టు వదినా," అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "నువ్వే పెట్టు."

సుభద్రమ్మ సద్ది సంచి గట్టు మీద పెట్టింది. మడిలోకి దిగింది. ప్రమోద పసుపు కుంకుమ పళ్ళెం తెస్తే చేత్తోనే వద్దని సైగ చేసి, దోసిట్లో నీళ్ళు తీసుకుని చేతులు కడుక్కుంది. ఒక కట్ట విప్పి, నాలుగు మొక్కలు తీసి, వంగి, మట్టిలో పెట్టింది.  చెయ్యి వెనక్కి తీసిన వెంటనే ఆ మొక్కలు మట్టి విడిచి నీళ్ళ మీద తేలాయి. ఇన్నేళ్ళలో సుభద్రమ్మ నాటింది తేలడం జట్టులో ఎవరూ చూడలేదు.

గంగామణి పక్కకు వచ్చి వంగింది. తేలిన మొక్కలు ఏరి ఆమె చేతిలోనే పెట్టింది. సుభద్రమ్మ భుజంతో ముఖం తుడుచుకుని, వాటిని మళ్ళీ మట్టిలో నొక్కింది.